ఇరుగుపొరుగుల ఆట

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య దిశయందు వాషింగ్టన్ అను రాష్ట్రము కలదు. ఆ దేశపు రాజధానియైన వాషింగ్టన్ నగరము వేరు, ఈ రాష్ట్రము వేరు. రెంటి నడుమ దాదాపు ఒక ఖండమంత దూరమున్నది. ఈ రాష్ట్రమందలి సియాటిల్ రేవులో స్టీమరు నెక్కి అరగంటకు పైగా ప్రయాణము చేసినచో బెయిన్‌బ్రిడ్జ్ అను ద్వీపము వచ్చును. ఎత్తైన చెట్లతోడను చల్లని సముద్రపు గాలితోడను ఒప్పు ఆ ద్వీపమున నగరవాసులు కొందరు వేసవి గడుపుటకై ఇండ్లు కట్టుకొనిరి. నేడు లక్షలకొలది జనులు ఆడుచున్న పికిల్‌బాల్ అను ఆట 1965వ సంవత్సరపు వేసవిలో అట్టి యొక యింటి పెరటిలో పుట్టినది.

ఆ యిల్లు జోయెల్ ప్రిచర్డ్ అను నాతనిది. అతడు అప్పటికి రాష్ట్ర శాసనసభలో సభ్యుడు. తరువాతి కాలమున దేశపు కాంగ్రెసు సభకు ఎన్నికయ్యెను. ఒక శనివారమునాడు అతడును, బిల్ బెల్ అను వ్యాపారియైన మిత్రుడును గోల్ఫ్ ఆడి తిరిగి వచ్చునప్పటికి ఇంటిలోని పిల్లలు ఏమియు తోచక విసుగుతో కూర్చుండి యుండిరి. తమ చిన్నతనమున ఆటలను తామే కల్పించుకొనెడివారమని ప్రిచర్డ్ అనగా, ఐనచో ఇప్పుడొకటి కల్పించి చూపుమని అతని కుమారుడు పట్టుపట్టెనని ఆ కుటుంబమువారు చెప్పుకొందురు. పెరటిలో పాత బాడ్మింటను కోర్టు ఉన్నది. ఆడుదమని వెదకగా ఈకల బంతి యెచ్చటను దొరకలేదు. దొరికినవి రెండే: పిల్లలు ఆడుకొను రంధ్రముల ప్లాస్టిక్ బంతి యొకటి, టేబుల్ టెన్నిసు బ్యాట్లు కొన్ని. ఉన్నవానితోనే వారు ఆట మొదలుపెట్టిరి.

మొదట వల బాడ్మింటను ఎత్తున, అనగా అరువది అంగుళముల ఎత్తున ఉండెను. ప్లాస్టిక్ బంతి గట్టి నేలపై చక్కగా ఎగురుచున్నదని గమనించిన పిదప వలను ముప్పదియారు అంగుళములకు దించిరి. మరుసటి వారము బార్నీ మెకల్లమ్ అను పొరుగు మిత్రుడు వారితో చేరెను. చిన్న బ్యాట్లు ఈ ఆటకు చాలవని తోచి, అతడు పలుచని ప్లైవుడ్ చెక్కను యంత్రపు రంపముతో కోసి, పెద్ద బ్యాట్లను తయారుచేసెను. ముగ్గురును కూర్చుండి నియమములు వ్రాసికొనిరి. వారు మనసున నిలుపుకొన్న ఉద్దేశ్యమొక్కటే: తాతయు మనుమడును, భార్యయు భర్తయు, ఆట వచ్చినవాడును రానివాడును ఒకే కోర్టులో నిలిచి ఆడగలిగియుండవలెను. అప్పుడు వారు వ్రాసికొన్న నియమములలో ముఖ్యమైనవి నేటికిని నిలిచియున్నవి.

పేరును గూర్చి ఒక్కమాట చెప్పవలసియున్నది. పికిల్ అనగానే తెలుగువారికి ఆవకాయ జాడీ తలపునకు వచ్చుట సహజము. ఈ ఆటకును ఊరగాయకును సంబంధము లేదు. పడవ పందెములయందు మంచి జట్లన్నియు ఏర్పడిన పిదప మిగిలిపోయిన తెడ్డువాండ్రందరిని చేర్చి ఒక పడవ నింపుదురు. ఆ పడవను వారు పికిల్ పడవ యందురు. బాడ్మింటను కోర్టు, టేబుల్ టెన్నిసు బ్యాటు, మరియొక ఆటకు చెందిన బంతి ఇట్లు తలకొక చోటునుండి వచ్చి చేరుట చూచి, ప్రిచర్డ్ భార్య జోన్ ఆ పడవ పేరునే ఈ ఆటకు పెట్టెను. వారి పెంపుడు కుక్క పికిల్స్ పేరిట ఈ ఆట వెలసినదని మెకల్లమ్ చెప్పుచుండెడివాడు. కాని ఆ కుక్క 1968వ సంవత్సరమున పుట్టినట్లు తరువాత విచారించినవారు తేల్చిరి. కావున కుక్కకే ఆట పేరు వచ్చెననుట సరియగును. మిగిలిపోయినవారి పడవ యను పేరు ఈ ఆటకు ఎంత తగినదో దాని పోటీలను చూచినవారికి బాగుగా తెలియును.

కోర్టు పొడవు నలుబదినాలుగు అడుగులు, వెడల్పు ఇరువది అడుగులు. బాడ్మింటను జంటల కోర్టునకు ఇది సరిగా సమానము. ఒక టెన్నిసు కోర్టు, దాని చుట్టునుండు ఖాళీస్థలము కలిపి చూచినచో, అంతలో నాలుగు పికిల్‌బాల్ కోర్టులు ఇమిడిపోవును. వల రెండు ప్రక్కల ముప్పదియారు అంగుళములు, నడుమ ముప్పదినాలుగు అంగుళములు ఎత్తుండును. బంతి తూకము ఇరువదియైదు గ్రాముల ప్రాంతము. దాని ఒడలినిండ ఇరువదియారు మొదలు నలుబది వరకు రంధ్రములుండును. ఈ రంధ్రములవలన గాలి బంతిని పట్టి లాగును. ఎంత బలశాలి కొట్టినను అది టెన్నిసు బంతివలె దూసికొని పోక త్వరలోనే నెమ్మదించును. అందుచేత వయసు మీరినవారికిని బంతిని చేరుకొనుటకు వ్యవధి చిక్కును.

సర్వీసు చేయువాడు చేతిని క్రిందినుండి పైకి ఆడించి, నడుమునకు దిగువనే బంతిని కొట్టి, ఎదుటి కోర్టులో మూలగా ఉన్న గడిలో పడునట్లు పంపవలెను. తలపైనుండి పిడుగువలె కొట్టు సర్వీసు ఇందు లేదు. సర్వీసు వచ్చిన బంతిని ఎదుటివారు నేల తాకిన పిదపనే కొట్టవలెను. వారు తిరిగి పంపిన బంతిని సర్వీసు చేసినవారును అట్లే నేల తాకనిచ్చి కొట్టవలెను. ఈ రెండు దెబ్బలు గడచిన తరువాతనే బంతిని గాలిలోనే అందుకొని కొట్టుటకు అనుమతి కలుగును. సర్వీసు చేయు పక్షమునకే పాయింట్లు వచ్చుట పాత పద్ధతి. పదునొకండు పాయింట్లు ముందుగా పొంది, రెండు పాయింట్ల ఆధిక్యము గలవారు గెలిచినట్లు.

ఈ ఆటకు ప్రాణమువంటి నియమము మరియొకటి యున్నది. వలకు ఇరువైపుల ఏడేసి అడుగుల మేర నేలను గీతతో వేరుచేసి యుంచుదురు. దానిని ఆటగాండ్రు కిచెన్, అనగా వంటయిల్లు, అని పిలుతురు. ఊరగాయ పేరు గల ఆటకు వంటయిల్లొకటి యుండుట మనవారికి నవ్వు పుట్టింపవచ్చును. ఆ వంటయింటిలో నిలిచి గాలిలోని బంతిని కొట్టరాదు. కాలి బొటనవ్రేలు గీతను తాకినను తప్పే. గాలిలోని బంతిని కొట్టిన ఊపున తూలి లోపల అడుగుపెట్టినను తప్పే. బంతి అచ్చట నేలను తాకి లేచినప్పుడు మాత్రము లోనికి పోయి ఆడవచ్చును. ఈ నియమమే లేకున్నచో ఆరడుగుల యువకుడు వలయొద్ద నిలిచి, వచ్చిన ప్రతి బంతిని క్రిందికి మోదుచుండును. ఆట రెండు నిమిషములలో ముగియును. వంటయిల్లు అతనిని ఏడడుగులు వెనుకకు నెట్టినది. కావున నేర్పరులు బంతిని మెల్లగా తాకి, వల దాటిన వెంటనే ఎదుటివారి వంటయింటిలో పడునట్లు జారవిడుతురు. దీనిని డింక్ అందురు. డెబ్బదియేండ్ల వృద్ధురాలు అట్టి మెత్తని దెబ్బలతో కండలు తిరిగిన పడుచువానిని అటునిటు పరుగెత్తించుట ఈ కోర్టులలో వింత కాదు.

ఆట కొంతకాలము ఇరుగుపొరుగుల పెరటిలోనే పెరిగినది. 1967వ సంవత్సరమున ప్రిచర్డ్ పొరుగువాని యింట మొదటి స్థిరమైన కోర్టు కట్టబడెను. 1976వ సంవత్సరమున సియాటిల్ సమీపమునగల టుక్విలా పట్టణమందలి యొక వ్యాయామశాలలో, తెలిసినంతవరకు మొట్టమొదటి పోటీ జరిగినది. దానిలో పాల్గొన్నవారిలో పెక్కుమంది కళాశాలలయందు టెన్నిసు ఆడు విద్యార్థులు. ఈ ఆట వారికి బొత్తిగా క్రొత్త. 1984వ సంవత్సరమున జాతీయ సంఘమేర్పడెను. ఆ యేడే విమానముల కర్మాగారమున పనిచేయు ఇంజనీరొకడు, విమానముల నేలకు వాడు తేలికైన తేనెపట్టు అల్లిక గల పలకలతో బ్యాట్లు చేసెను. అంతటితో చెక్కబ్యాట్ల బరువు తగ్గి, స్త్రీలకును వృద్ధులకును చేయి నొప్పి లేక ఆడుట సులభమాయెను. 2009వ సంవత్సరమున అరిజోనా రాష్ట్రపు బక్ఐ పట్టణమున జాతీయపు పోటీ జరుగగా, ఇరువదియారు రాష్ట్రములనుండియు కెనడానుండియు దాదాపు నాలుగువందల మంది వచ్చిరి. ఇంతవరకు పెంపు నెమ్మది. 2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధి వ్యాపించి, నాలుగు గోడల మధ్య గుమికూడుట ప్రమాదమైనప్పుడు, ఆరుబయట ఎడముగా నిలిచి ఆడదగిన ఈ ఆటవైపు జనులు వెల్లువగా వచ్చిరి. 2022వ సంవత్సరమున వాషింగ్టన్ రాష్ట్రము దీనిని తన అధికారిక క్రీడగా ప్రకటించెను.

నేడు డబ్బుకొరకు ఆడు వృత్తి ఆటగాండ్రు ఉన్నారు. వారికి పెద్ద బహుమానములును, చూడవచ్చు ప్రేక్షకులును ఉన్నారు. అయినను ఈ ఆట స్వరూపమును తెలిసికొనదలచినవారు ఏదైన చిన్న పట్టణపు పార్కులో శని ఆదివారములందు జరుగు అమెచ్యూరు పోటీని చూడవలెను. అమెచ్యూరు అనగా వేడుకకొరకు ఆడువాడు. పగలు ఉపాధ్యాయుడో, నర్సో, వడ్రంగియో, పింఛను పుచ్చుకొను వృద్ధుడో అయియుండును.

అట్టి పోటీ ఏర్పాట్లు పోటీకి నెలలముందే మొదలగును. జీతమునకు వచ్చు పనివారు అరుదు. ఆడువారిలోనే కొందరు పేర్లు వ్రాసికొందురు, కొందరు పట్టికలు గీయుదురు, కొందరు మంచినీరు, పండ్లు సమకూర్తురు. పార్కులో టెన్నిసు కోర్టులే యున్నచో తెల్లవారకమునుపే వచ్చి, కొలత త్రాటితో కొలిచి, రంగు టేపుతో నేలపై గీతలు అతికించి, మడత వలలను నిలబెట్టుదురు. ఉదయమున ఒక యామము ఆడినవాడు మధ్యాహ్నమున బల్లయొద్ద కూర్చుండి పాయింట్లు వ్రాయుట, బల్లయొద్ద నున్నవాడు లేచి కోర్టులోనికి పోవుట ఇచ్చట మామూలు.

ఎవరితో ఎవరు ఆడవలెనను నిర్ణయము చాల యోచనతో జరుగును. వయసును బట్టి ఏబదికి పైబడినవారు, అరువదికి పైబడినవారు, డెబ్బదికి పైబడినవారు అని తరగతులుండును. నేర్పును 2.5, 3.0, 3.5 ఇట్టి అంకెలతో కొలిచి, సమానులను ఒక గుంపుగా చేయుదురు. పురుషుల జంటలు, స్త్రీల జంటలు, స్త్రీపురుషులు కలిసిన జంటలు వేరువేరుగా ఉండును. జోడు లేక ఒంటరిగా వచ్చినవానిని త్రిప్పి పంపరు. అట్లే వచ్చిన మరియొకరితో జత కలుపుదురు. అంతకుముందు ఒకరి ముఖమొకరు చూడని ఇరువురు, పది నిమిషములలో ఎవరు ఎడమప్రక్క నిలువవలెనో, నడుమ వచ్చిన బంతి ఎవరిదో మాటలాడుకొని ఆటలోనికి దిగుదురు. జోన్ ప్రిచర్డ్ తలచిన మిగిలిపోయినవారి పడవ ఇదియే.

పోటీ నడుపు తీరునను ఒక విశేషము కలదు. సాధారణమైన పోటీలలో ఒకమారు ఓడినవాడు సంచి సర్దుకొని యింటికి పోవలసినదే. పదునారు జంటలు వచ్చినచో మొదటి విడతలోనే ఎనిమిది జంటలు ఇంటి దారి పట్టును. పికిల్‌బాల్ అమెచ్యూరు పోటీలలో ఇందుకు బదులు తరచుగా ప్రతి జంటయు తన గుంపులోని ప్రతి జంటతో ఆడునట్లు ఏర్పాటు చేయుదురు. ఆరు జంటలున్న గుంపును తీసికొందము. ప్రతి జంటకు ఐదు ఆటలు. మొత్తము పదునైదు ఆటలు. మూడు కోర్టులున్నచో ఐదు విడతలలో అన్నియు ముగియును. విడతకు ఇరువది నిమిషములైనను రెండు గంటలు పట్టదు. అన్ని ఆటలు ఓడిన జంటయు గెలిచిన జంటతో సమానముగా ఐదుమార్లు ఆడియే యుండును, ఐదు జంటలతో పరిచయము పొందియే యుండును. దూరపు ఊరినుండి ఉదయమే కారు నడుపుకొని వచ్చినవానికి ఇది చిన్న విషయము కాదు. మరికొన్ని పోటీలలో ఒకమారు ఓడినవారికి రెండవ అవకాశమిచ్చి, రెండుమార్లు ఓడినవారిని మాత్రమే తొలగింతురు.

ఇక అన్నింటికంటె గమనింపదగిన విషయము తీర్పును గూర్చినది. ఇట్టి పోటీలలో పతకమునకు జరుగు చివరి ఆటలకు తప్ప తక్కిన ఆటలకు సాధారణముగా అంపైరు ఉండడు. గీతయొద్ద పడిన బంతి లోపల పడినదా, వెలుపల పడినదా అని చెప్పవలసినవారు ఆటగాండ్రే. అదియు ఎట్లు? బంతి ఎవరి వైపు పడినదో వారే చెప్పవలెను. అనగా తనకు పాయింటు దక్కునో పోవునో తేల్చు సందర్భమున తానే న్యాయాధిపతి.

స్వలాభమున్న చోట మనిషి తనకు అనుకూలముగా చూచుట సహజమని నియమములు వ్రాసినవారికి తెలియకపోలేదు. అందుచేత వారు న్యాయమును ఒక వైపునకు కొంచెము వంచి పెట్టిరి. ఔట్ అని పిలుచుటకు బంతి వెలుపల పడుట స్పష్టముగా కంటపడి యుండవలెను. సందేహము కలిగినచో ఆ సందేహపు లాభము ఎదుటివారికే చెందును. చూడలేకపోతిని, మరల ఆడుదము అనుటకు వీలు లేదు. చూడనిచో బంతి లోపల పడినట్లే లెక్క. జోడుగా ఆడువారిలో ఒకడు ఔట్ అనియు, మరియొకడు కాదనియు చెప్పినచో, ఆ బంతియు లోపల పడినట్లే. చుట్టు నిలిచి చూచువారిని అడుగరాదు. కావలెనన్నచో ఎదుటివారినే అడుగవచ్చును. వారు స్పష్టముగా చెప్పినచో ఆ మాటను అంగీకరింపవలెను. వంటయింటి గీతను తన కాలు తాకినదని తానెరిగినవాడు, ఎదుటివారు గమనింపకున్నను, తానే తప్పు ఒప్పుకొనవలెను.

ఒక ఆటను తలచుకొందము. పాయింట్లు పదికి పది. అరువదియైదేండ్ల స్త్రీ యొకతె వెనుకగీతయొద్ద నిలిచి యున్నది. ఎదుటి జంట కొట్టిన బంతి ఆమె తలమీదుగా పోయి గీత ప్రాంతమున పడినది. ఆమె వెనుదిరిగి చూచునప్పటికి బంతి నేలనుండి లేచినది. ఆమె మనసు ఔట్ అని చెప్పుచున్నది, కన్ను మాత్రము చూడలేదు. జోడువాడు వలయొద్ద నున్నాడు, అతడును చూడలేదు. చుట్టును నిలిచిన పదిమందిలో కొందరు చూచియే యుందురు, కాని వారి మాట పనికిరాదు. ఆమె చేయి పైకెత్తక నిలిచి, ఆ బంతి లోపలిదేనని పలికినచో పాయింటు పోవును. రెండు నిమిషములలో ఆటయు పోవచ్చును. ఔట్ అన్నచో అడుగువారెవరును లేరు. ఇట్టి ఘట్టములు ఒక దినమున ప్రతి కోర్టులోను పలుమార్లు వచ్చును. పదునొకండు పాయింట్ల ఆటలో ఒకటి రెండు పాయింట్లే గెలుపోటములను తేల్చును గనుక ఈ పరీక్ష మాటవరుసకు జరుగునది కాదు. అందరును దీనిలో నెగ్గుదురని చెప్పుట సత్యము కాదు. గీతమీద పడిన బంతులను అదేపనిగా ఔట్ అని పిలుచువారు ప్రతి ఊరిలోను ఒకరిద్దరు ఉందురు. వారికి శిక్ష వేరుగా లేదు. మరునాడు జోడుగా ఆడుటకు ఎవరును ముందుకు రారు. చిన్న ఊరిలో అది చాలినంత శిక్ష.

ఆట ముగిసిన వెంటనే నలుగురును వలయొద్దకు వచ్చి, ఒకరి బ్యాటుకొకరు బ్యాటు తాకింతురు. ఈ ఆచారము గెలిచినవారికంటె ఓడినవారికి కష్టమైనది. అయినను మానువారు అరుదు.

పోటీలు లేని దినములలో పార్కులయందు నడుచు పద్ధతియే ఈ స్నేహమునకు మూలము. కోర్టులు తక్కువ, వచ్చువారు ఎక్కువ. వచ్చినవాడు తన బ్యాటును తీసికొని పోయి కంచెయొద్దనున్న వరుసలో చివర పెట్టును. ఒక ఆట ముగియగానే వరుసలో ముందున్న నాలుగు బ్యాట్లవారు కోర్టులోనికి పోవుదురు. వారు న్యాయవాదియు, తోటమాలియు, కళాశాల విద్యార్థియు, అతని తాత వయసువాడును కావచ్చును. ఎవరితో ఆడవలెనో కోరుకొనుటకు వీలు లేదు. బ్యాట్ల వరుస కలిపినవారే జోడు. పెద్ద నగరములలో ప్రక్కయింటివాని పేరు తెలియక ఏండ్లు గడుపువారు ఈ వరుస మూలమున పదిమంది పేర్లు నేర్చుకొనిరి. భార్య మరణించిన వృద్ధుడొకడు రెండు దినములు కనబడనిచో, బ్యాట్ల వరుసలో లోటు గమనించి, ఇంటికి పోయి పలుకరించువారు ఇట్టి చోట్ల ఏర్పడుదురు.

ఇంత మెచ్చుకొన్న పిదప కష్టములను దాచుట తగదు. గట్టి బ్యాటు ప్లాస్టిక్ బంతిని తాకినప్పుడు టక్కు టక్కుమని పదునైన శబ్దము పుట్టును. కోర్టు ప్రక్క ఇండ్లవారికి ఉదయము మొదలు రాత్రివరకు ఆ చప్పుడు భరింపరానిదై, అమెరికాలోని పలు పట్టణములలో తగవులు వచ్చినవి. కొన్ని న్యాయస్థానములవరకును పోయినవి. తమ కోర్టులపై క్రొత్త గీతలు గీయగా టెన్నిసువారు కోపించిరి. ఇరుగుపొరుగులను కలిపిన ఆటయే ఇరుగుపొరుగులకు తగవు తెచ్చుట వింతయే. శబ్దము తగ్గు బ్యాట్లు, శబ్దమును అడ్డగించు తెరలు, ఆట వేళలకు హద్దులు మొదలగు ఉపాయములు కొన్నిచోట్ల ఫలించినవి, కొన్నిచోట్ల కోర్టులనే మూసివేయవలసి వచ్చినది. పతకముల మోజుతో తన నేర్పును తక్కువ అంకెగా చెప్పుకొని, తనకంటె తక్కువవారి గుంపులో చేరి గెలుచువారును బయలుదేరిరి. ఆట పెద్దదగుకొలది ముఖ పరిచయము తగ్గును. పరిచయము లేనిచోట పైన చెప్పిన చిన్న ఊరి శిక్ష పనిచేయదు.

మన దేశమునకు ఈ ఆట కెనడా దారిని వచ్చినది. అచ్చట దీనిని చూచిన సునీల్ వలావల్కర్ అను మహారాష్ట్రుడు ముంబయిలో దీనిని నేర్పుటకు మొదలిడి, 2008వ సంవత్సరమున అఖిల భారత సంఘమును స్థాపించెను. చాలకాలము కొద్దిమందికే తెలిసియుండి, 2020 తరువాత వేగముగా వ్యాపించి, హైదరాబాదు నగరమునను కోర్టులు అనేకము వెలసినవి. తెలుగువారికి ఇట్టి ఆట పూర్తిగా క్రొత్త కాదు. తంజావూరులో పుట్టిన బాల్ బాడ్మింటను మన పల్లెలలో ఎంతో ప్రీతితో ఆడబడినది. ఈకల బంతి గాలికి కొట్టుకొని పోవుచుండగా, దానికి బదులు పసుపుపచ్చని ఉన్ని బంతి పెట్టుకొని ఆరుబయట ఆడుటకు అనువుగా చేసికొన్న ఆట అది. ఒక్కొక్క వైపున ఐదుగురు నిలుతురు గనుక సాయంకాలమున పదిమందికి ఒకేమారు చోటు దొరకెడిది. చందాలు వేసికొని వల కొనుట, నేల చదును చేసి సున్నముతో గీతలు గీయుట ఆడువారి పనియే. దొరకని బంతికి బదులు దొరికిన బంతితో ఆట కల్పించుకొనుటలో తంజావూరికిని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపమునకును భేదము లేదు.

భేదమున్నది స్థలము విషయమున. అమెరికాలో ఈ ఆట ఎక్కువగా పురపాలక సంఘముల పార్కులలో, రుసుము లేకయో స్వల్పమైన రుసుముతోనో, పెరిగినది. మన నగరములలో కోర్టులు పెక్కు గంటకింత అని అద్దెకు ఇచ్చునవి. అద్దె చెల్లించినవారు తమ మిత్రులు నలుగురితోనే వచ్చి, గంట ఆడి, పోవుదురు. తరువాతి గంట మరియొక నలుగురిది. బ్యాట్ల వరుసకు అచ్చట తావు లేదు. అపరిచితునితో జతకట్టు అవసరమును లేదు. డబ్బు పంచుకొనలేని విద్యార్థి కంచె బయటనే నిలుచును. ఇది ఆట దోషము కాదు, ఆటస్థలపు దోషము; నగరములలో ఖాళీ నేల వెల ఎంతయో ఎరిగినవారు అద్దె తీసికొనువారిని నిందింపలేరు. అయినను పురపాలక సంఘముల పార్కులలోను, పాఠశాలల ఆవరణలలోను బాడ్మింటను కోర్టులు ఇదివరకే ఉన్నవి. వాని కొలత ఈ ఆటకు సరిగా సరిపోవును. వలను దించి, వంటయింటి గీతను గీసికొనవలెను. ఉన్న కోర్టులయందు సైతము కొన్నిచోట్ల నిర్వాహకులు వారమున కొన్ని గంటలు వేరుచేసి, ఒంటరిగా వచ్చిన ఎవరైనను చేరి ఆడవచ్చునని ప్రకటించుచున్నారు. ఆ గంటలలో ఆఫీసు ముగించుకొని వచ్చిన యువతియు, బజారు సంచి చేతనున్న పెద్దాయనయు ఒకే వైపున నిలిచి, నడుమ వచ్చిన బంతి ఎవరిదో తేల్చుకొనుచుందురు.